ఎనిమిది కిలోల బిగువు వెనక ఉన్న కొలువులు

గుంటూరు బ్రాడీపేటలో చిరునామా చెబితే కొత్తవాళ్లకు భిన్నాల లెక్కలా వినిపిస్తుంది. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ అడ్డరోడ్ల మలుపుల్లో ఓ కోచింగ్ బోర్డు, ఓ ఆసుపత్రి బోర్డు, కింద మందుల షాపు. నీట్ ర్యాంకుల ఫ్లెక్సీలో తన ఫొటో లేని పిల్లాడు ఆ పక్కనే నిలబడి, ఇక ఆసుపత్రికీ తనకూ రుణం తీరిపోయిందనుకుంటాడు. అదే సమయంలో ఏదో ఒక ఎముకల ఆసుపత్రి మేడ మీద, ఆపరేషన్ థియేటర్లో, డాక్టర్లు కాని నలుగురైదుగురి చేతులు మారి ఒక చిన్న పనిముట్టు సర్జన్ చేతికి చేరుతుంటుంది. దాని పేరు గ్రాఫ్ట్ టెన్షనర్. దాన్ని చేసేవాళ్లు, సరిచూసేవాళ్లు, మోసుకొచ్చేవాళ్లు, శుభ్రం చేసి అందించేవాళ్లు అందరూ జీతగాళ్లే. ఆ ఉద్యోగాలకు మన పిల్లలు ఎందుకు వెళ్లడం లేదంటే, అవి ఉన్నాయని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ముందు మోకాలి సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఉద్యోగం సంగతి అర్థం కాదు.

సంక్రాంతి కబడ్డీలో కూతకు వెళ్లినవాడు చటుక్కున వెనక్కి తిరుగుతాడు. పాదం మట్టిలో నాటుకుని ఉండిపోతుంది, పైనున్న ఒళ్లు తిరిగిపోతుంది. మోకాల్లో ‘టప్’మంటుంది. తొడ ఎముకనీ దాని కింది ఎముకనీ లోపల ఐమూలగా పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిన చప్పుడది. బైకు జారి పడ్డవాళ్లలోనూ ఇది మామూలే. పూర్తిగా తెగితే దానంతటది అతుక్కోవడం అరుదు. మన నేల మీద పుట్టిన పుల్లెల గోపీచంద్ కథ చాలామందికి సగమే తెలుసు. 1973లో అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 1994లో ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లయ్యాయి. 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ప్రకాశ్ పదుకోన్ 1980లో గెలిచాక ఆ కప్పు తెచ్చిన రెండో భారతీయుడు ఆయనే. ఆ గెలుపులో ఆట ఎంతో, సరిచేసిన మోకాలూ అంత.

తెగిన లిగమెంటును కుట్టడం కంటే కొత్తది వేయడమే ఎక్కువ. రోగి తొడ వెనక కండరాల చివరనుండే తాళ్లలాంటి టెండన్లు తీసి, మడతలు వేసి, కొసలు కుట్టి గ్రాఫ్టు తయారుచేస్తారు. తొడ ఎముకలో ఒక సొరంగం, కింది ఎముకలో ఒక సొరంగం తొలిచి గ్రాఫ్టును లోపలికి లాగుతారు. పై కొసను చిన్న లోహపు బటన్ ఎముక బయట అడ్డంగా నిలబడి పట్టుకుంటుంది. కింది కొసను లాగి పట్టుకుని స్క్రూ బిగిస్తారు.

ఎంత లాగాలి? అసలు ప్రశ్న ఇదే.

నులక మంచం బిగించినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కాళ్ల వైపు తాడు వదులైతే మనిషి ఉయ్యాల్లో పడ్డట్టు కుంగిపోతాడు. బలముంది కదా అని గుంజితే పట్టెలు వంగుతాయి, తాడు తెగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త నులక నాలుగు రాత్రులు పడుకునేసరికి సాగుతుంది, మళ్లీ బిగించాలి. మోకాల్లో ఆ రెండో బిగింపుకు అవకాశం లేదు. సాగేదేదో ముందే సాగదీయాలి. అందుకే గ్రాఫ్టును ముందు బల్ల మీద ఒక పలకకు తగిలిస్తారు. దానికి రెండు కొయ్యలు, ఒక స్ప్రింగు, కొలత గీతలు ఉంటాయి. పది, పదిహేను నిమిషాలు లాగి ఉంచుతారు. లోపల వేశాక మోకాలిని పదిహేను ఇరవై సార్లు ముడిచి చాపి, మిగిలిన సాగుడును కూడా తీసేస్తారు. చివర స్క్రూ బిగించే ముందు పిడి ఉన్న టెన్షనర్‌కు దారాలు కట్టి, మర తిప్పుతూ గీత చూసి లాగుతారు.

చాలాచోట్ల వినిపించే అంకె 80 న్యూటన్లు. కిలోల్లో చెప్పుకుంటే ఎనిమిది పైచిలుకు. అంతకంటే తక్కువ చాలనేవాళ్లున్నారు, మోకాలు ఎంత వంచి బిగించాలన్న దాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. వదులైతే మోకాలు మళ్లీ జారుతుంది. మరీ బిగువైతే కాలు కదలడం కష్టం, కీలు గుజ్జు మీద ఒత్తిడి పెరుగుతుంది, గ్రాఫ్టూ దెబ్బతింటుంది. చెయ్యి చాలు, పనిముట్టెందుకు అనే పెద్ద సర్జన్లు ఉన్నారు. వాళ్లతో నేను వాదించను. కాకపోతే చేతికి గీతలుండవు. నిన్నటి రోగికి లాగినంతే ఇవాళ లాగానని చెయ్యి రుజువు చూపించలేదు. ఆ రుజువు కోసమే ఒక పరిశ్రమ ఉంది.

కాటా మీద ముద్ర

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకొచ్చిన రైతు ధర కంటే ముందు కాటా వైపు చూస్తాడు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, ముల్లు సున్నా మీద నిలబడిందా అని. టెన్షనర్ కూడా ఒక కాటాయే. లోపల స్ప్రింగు ఉంది. ప్రతి ఆపరేషన్ తర్వాత దాన్ని కడిగి, 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో పెడతారు. ఎన్నో సార్లు అలా ఉడికి చల్లారిన స్ప్రింగు, అరిగిన మర, ఇరుక్కున్న రక్తపు మరక ముల్లును పక్కకు నెట్టేయగలవు. సరిచూడడం కష్టమేం కాదు. 8 కిలోల 160 గ్రాముల తెలిసిన బరువు వేలాడదీస్తే ముల్లు 80 న్యూటన్ల గీత దగ్గర ఆగాలి. ఆగకపోతే ఆ పనిముట్టు థియేటర్లోకి వెళ్లకూడదు. ఈ పనినే కాలిబ్రేషన్ అంటారు. తయారీ కంపెనీల్లో, కాలిబ్రేషన్ ల్యాబుల్లో, పెద్ద ఆసుపత్రుల బయోమెడికల్ విభాగాల్లో దీనికి మనుషులు కావాలి. డిప్లొమా చదివి ఓపిక ఉన్నవాడికి ఇది మంచి దారి. ర్యాంకు అవసరం లేదు, నిజాయితీ మాత్రం కావాలి.

చేతిపని ఇష్టమైనవాళ్లకు ఇంకో మాట. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది, సీఐటీడీ అంటారు. విజయవాడలోనూ దాని శాఖ ఉంది. పదో తరగతి తర్వాతే టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమాలో చేరవచ్చు. సర్జికల్ పనిముట్టంటే చివరికి స్టెయిన్‌లెస్ స్టీలును వెంట్రుకవాసి తేడా లేకుండా కోయడం, నున్నగా చేయడం, తుప్పు పట్టకుండా చూడడమే. మెకానికల్ బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేట బస్సెక్కే పిల్లల్లో పదోవంతు ఇటు చూసినా బాగుండును. ఒక ఇబ్బంది మాత్రం ముందే చెప్పాలి. ఎముకల ఇంప్లాంట్లు, పనిముట్ల తయారీ గుజరాత్‌లో ఎక్కువ. అక్కడ రెండు మూడేళ్లు ఉండడానికి ఇంట్లో ఒప్పించుకోవాలి. మన దగ్గర విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు ఉన్నాయి. అక్కడి కంపెనీలన్నీ ఎముకల పని చేసేవి కావు. అయినా తొలి అనుభవానికి అవి పనికొస్తాయి.

రెప్ ఉద్యోగం, దాని తీపీ చేదూ

గుంటూరు, ఒంగోలు కుర్రాళ్లకు ఎక్కువగా, త్వరగా దొరికేది ఇంప్లాంటు కంపెనీ లేదా డీలరు దగ్గర రెప్ ఉద్యోగం. బీఎస్సీ, బీఫార్మసీ, బీటెక్ ఎవరైనా చేరవచ్చు. మందుల రెప్‌కూ దీనికీ చాలా తేడా. మందుల రెప్ డాక్టరు గది బయట కూర్చుంటాడు. ఆర్థో రెప్ తెల్లవారుజామున సెట్ల పెట్టెలు బైకు మీద ఆసుపత్రికి చేర్చి, ఓటీ డ్రెస్సు వేసుకుని, టేబుల్‌కు దూరంగా నిలబడి, ఏ సైజు స్క్రూ ఏ ట్రేలో ఉందో, టెన్షనర్‌లో దారం ఏ కొక్కేనికి చుట్టాలో నర్సుకు చెబుతుంటాడు. ఏడాది తిరిగేసరికి వందల మోకాళ్లు చూసినవాడవుతాడు. ఏ కాలేజీలోనూ దొరకని చదువది. మొదట్లో జీతం తక్కువే, ఫోను మాత్రం రాత్రి పదకొండింటికి కూడా మోగుతుంది.

చేదు సంగతి కూడా వినాలి. రోగిని రెప్ ముట్టుకోకూడదు, ‘కొంచెం ఇది పట్టుకో’ అని ఎవరు అడిగినా సరే. డాక్టర్లకు కానుకలు, విహారయాత్రలు ఇవ్వకూడదని వైద్య పరికరాల మార్కెటింగుకు 2024లో కేంద్రం నియమావళి తెచ్చింది. టార్గెట్ కోసం దాన్ని పక్కన పెట్టమనే యజమాని దొరికితే ఇంకో యజమానిని వెతుక్కోండి. గుంటూరులో ఉన్నది ఒక్క డీలరే కాదు.

థియేటర్ లోపల స్థిరమైన స్థానం కావాలంటే బైపీసీ పిల్లలకు అనస్తీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ బీఎస్సీ ఉంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో చదవవచ్చు. పారామెడికల్ డిప్లొమాలూ ఉన్నాయి. చేరే ముందు ఒక్కటే జాగ్రత్త. ఆ కాలేజీకి, ఆ కోర్సుకు విశ్వవిద్యాలయం లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోండి. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డు గుర్తింపు పత్రం కాదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి గుర్తింపు లేని సర్టిఫికెట్టుకు రానురాను విలువ తగ్గుతుందే తప్ప పెరగదు.

మన జిల్లాలో ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు, వాటిలో చదివినవాళ్లకు రెగ్యులేటరీ పని సరిపోతుంది. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా విడగొట్టాయి. చేతిలో పట్టుకుని పక్కన పెట్టేసే పనిముట్టుకూ, ఒంట్లో ఉండిపోయే స్క్రూకూ ఒకే కాగితాలు చాలవు. ఆ కాగితాలు రాయగలిగినవాళ్లు, ఐఎస్ఓ 13485 నాణ్యతా ప్రమాణం తెలిసినవాళ్లు ప్రతి కంపెనీకీ కావాలి. కుర్చీలో కూర్చుని చేసే పనే.

ఇక కొత్త పరికరాలు తయారుచేయాలన్న కోరిక ఉంటే బయోమెడికల్ ఇంజనీరింగ్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఈ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో విభాగం ఉంది, గేట్‌లో 2020 నుంచి విడిగా పేపరు పెట్టారు. ఇదంతా మనకు దూరపు వ్యవహారం అనుకునేవాళ్లకు అబ్దుల్ కలాం చెబుతూ వచ్చిన సంగతి గుర్తుచేస్తాను. హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన ఎముకల డాక్టరు ఒకరు కలాం ప్రయోగశాలకు వచ్చి, క్షిపణికి వాడే తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. ఆయన ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. డాక్టరుకు ఆ పదార్థం తెలియదు, శాస్త్రవేత్తకు ఆ పిల్లల సంగతి తెలియదు. ఇద్దరూ ఒక గదిలో కలవడం వల్ల జరిగిన పని.

ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటి చెబుతాను. ఖర్చు రెండు వందలో మూడు వందలో, సామాన్లు తూచే చిన్న కాటాకు, అంకె ఒకచోట నిలిచిపోయే రకం కాకుండా. కొత్త నులక తాడు ముక్క ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస కాటా కొక్కేనికి కట్టండి. ఎనిమిది కిలోలు చూపేదాకా లాగి, కాటాను కదలకుండా ఎదుటి ఊచకు బిగించండి. ఒక నిమిషానికి, అయిదుకు, పదికి అంకె రాసుకోండి. ఎవరూ ముట్టుకోకపోయినా అంకె తగ్గుతుంది. అదే తాడును మళ్లీ ఎనిమిదికి తెచ్చి చూడండి, ఈసారి తగ్గేది తక్కువ. ఈ రెండు వరసల అంకెలున్న కాగితం ఇంటర్వ్యూలో బల్ల మీద పెడితే, గ్రాఫ్టును ముందే ఎందుకు సాగదీస్తారో మిమ్మల్ని ఎవరూ అడగక్కర్లేదు. పర్సంటేజీ తక్కువున్న పిల్లలకు నేను ముఖ్యంగా ఇదే చెబుతాను.

ఏ కోర్సుకైనా ఫీజు కట్టకముందు ఇంకో పని చేయండి. బంధువుల్లోనో తెలిసినవాళ్లలోనో ఆసుపత్రి సిస్టర్ ఎవరో ఒకరు ఉండకపోరు. ఓటీలోకి రానివ్వరు, అడగొద్దు కూడా. పనిముట్లు కడిగి ఆవిరికి పంపే గది దగ్గర ఒక పూట నిలబడనివ్వమని అడగండి. మోకాలి సెట్ ట్రే వచ్చినప్పుడు అందులో ఉన్న ప్రతి వస్తువు పేరూ, పనీ అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఆ పూట మీకు విసుగు పుడితే ఈ దారి మీది కాదు, ఫీజు మిగులుతుంది.