మెయిల్ సర్వరు అప్‌గ్రేడులో మన సెట్టింగులు పోకుండా కాపాడుకోవడం ఎలా?

మేమిద్దరం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదువుకుని, తర్వాత కంప్యూటర్ల పనిలో స్థిరపడ్డాము. వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ పాఠం ఒకటి రాసి ఇమ్మని అడిగారు. మనవాళ్ళలో పాలిటెక్నిక్, బీటెక్, ఎంసీఏ చదివి చిన్న కాలేజీల్లో, ఆఫీసుల్లో సర్వర్లు చూసుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొచ్చే విషయం, పైగా మేము దెబ్బ తిని నేర్చుకున్న విషయం కాబట్టి దీన్ని ఎంచుకున్నాము. కమాండ్ల పేర్లు తెలుగులోనే రాశాము. కంప్యూటర్ మీద కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందుగా మెయిల్ సర్వరు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. లినక్స్ మీద నడిచే మామూలు మెయిల్ సర్వరులో రెండు ప్రోగ్రాములు ఉంటాయి. ఒకటి పోస్ట్‌ఫిక్స్. ఇది పోస్టాఫీసు వంటిది. బయటి నుంచి వచ్చిన ఉత్తరం తీసుకుంటుంది, మనం రాసింది బయటికి పంపుతుంది. రెండోది డవ్‌కాట్. వచ్చిన ఉత్తరాలను ఎవరి పెట్టెలోవి వారికి తీసి చూపేది ఇది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఉదాహరణకు, ఎవరైనా ఉత్తరం పంపబోతే అతని పాస్‌వర్డు సరైనదేనా అని పోస్ట్‌ఫిక్స్ డవ్‌కాట్‌ను అడుగుతుంది. అలా అడగడానికి ఇద్దరికీ మధ్య ఒక దారి ఉండాలి. ఆ దారి ఎక్కడుందో సెట్టింగుల ఫైలులో మనమే రాసుకోవాలి.

ఇక మేము చేసిన తప్పు చెబుతాము. 2017 జూలైలో ఒక చిన్న విద్యాసంస్థ ఆఫీసు సర్వరును డెబియన్ 8 నుంచి డెబియన్ 9కి మార్చాము. శనివారం సాయంత్రం మొదలుపెట్టాము. మధ్యలో స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఫైలును మీరు మార్చుకున్నారు, కొత్త ప్యాకేజీతో వచ్చిన ఫైలు పెట్టమంటారా, మీ ఫైలే ఉంచమంటారా అని. డవ్‌కాట్‌కు సంబంధించి రెండు ఫైళ్ళకు అదే ప్రశ్న. కొత్తది అంటే మంచిదే కదా అనుకుని రెండింటికీ కొత్తదే పెట్టమన్నాము. సర్వీసులు రెండూ లేచాయి, ఎర్ర అక్షరాలేమీ కనబడలేదు, ఇంటికి వెళ్ళిపోయాము.

సోమవారం పదిన్నరకు ఆఫీసు గుమస్తాగారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, ఇన్‌బాక్సు మొత్తం ఖాళీగా ఉంది. నాలుగేళ్ళ ఉత్తరాలు ఏమయ్యాయి?" అన్నారు. మా చేతులు చల్లబడ్డాయి.

నిజానికి ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు. ఉత్తరాలను ఒక్కొక్కటి ఒక్కో ఫైలుగా, మెయిల్‌డిర్ అనే పద్ధతిలో దాచమని మేము మొదట్లో మార్చుకున్నాము. డెబియన్‌తో వచ్చే ఫైలులో మాత్రం ఎంబాక్స్ అనే పాత పద్ధతి ఉంటుంది. మా ఫైలు పోయి ఆ ఫైలు రావడంతో డవ్‌కాట్ వేరే చోట వెతుకుతోంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి ఖాళీ ఇన్‌బాక్సు చూపుతోంది. ఆ గదిలో పుస్తకాలు ఉండగా ఈ గది తలుపు తీసి, పుస్తకాలు లేవంటున్నట్టు అన్నమాట.

రెండో ఫైలు ఇంకా పెద్ద దెబ్బ కొట్టింది. పాస్‌వర్డు అడిగే దారి గురించి చెప్పాము చూశారా, ఆ వరుస ప్యాకేజీ ఫైలులో కామెంటుగా, అంటే పనిచేయని స్థితిలో ఉంటుంది. దారి కనబడక పోస్ట్‌ఫిక్స్‌లో ఉత్తరాలు అందుకునే భాగం ప్రతిసారీ లేచి, వెంటనే ఆగిపోతోంది. అందువల్ల బయటికి ఉత్తరాలు పంపడమే కాదు, బయటివి లోపలికి రావడం కూడా శనివారం రాత్రి నుంచే ఆగిపోయింది. లాగు ఫైలు చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. మేము చూడలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు సరిచేశాము. అవతలి సర్వర్లు ఉత్తరం వెంటనే పారెయ్యవు, తమ దగ్గరే వరుసలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. మొదట కొన్ని నిమిషాలకొకసారి, తర్వాత తర్వాత ఎడం పెంచుకుంటూ పోతాయి. కాబట్టి మేము మూడింటికి తలుపు తీసినా, అందరూ మూడింటికే రారు. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం ఒక విద్యార్థి ఆదివారం పంపిన కులధ్రువీకరణ పత్రం కాపీ సోమవారం రాత్రి ఏడింటికి వచ్చింది. గడువు సాయంత్రం అయిదు. ఆ అబ్బాయి మంగళవారం కూలి పని మానుకుని, రెండు బస్సులు మారి, అసలు కాగితం చేత్తో పట్టుకుని వచ్చాడు. ఉత్తరం ఆదివారమే పంపినట్టు అందులోనే తేదీ ఉంది కాబట్టి ఆఫీసువారు ఒప్పుకున్నారు. మాకు మాత్రం వాడి ముఖం చూడాలంటే సిగ్గేసింది. "పర్లేదన్నా, అయిపోయింది కదా" అన్నాడు. వాడు కూడా మనలాంటి హాస్టల్లోంచి వచ్చినవాడే. కాగితం ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుందో ఈ సంచిక చదివేవారికి మేము చెప్పనక్కరలేదు.

సరే, పాఠంలోకి వద్దాం. మన హాస్టల్ భోజనశాల గోడ మీద పెయింటుతో రాసిన మెనూ గుర్తుందా? మంగళవారం గుడ్డు బుధవారానికి మారితే దాని పక్కనే సుద్దముక్కతో రాసేవాళ్ళం. వార్షికోత్సవానికి ముందు గోడలకు వెల్ల వేసి, మెనూ మళ్ళీ పెయింటు చేస్తే సుద్దరాతలన్నీ పోయేవి. అదే విడిగా ఒక అట్ట మీద రాసి మేకుకు తగిలిస్తే వెల్ల వేసినా అట్ట మిగిలేది. సర్వరులో కూడా అంతే. ప్యాకేజీతో వచ్చిన ఫైలు గోడ. దాని మీద రాయకూడదు.

ఇది కొత్తగా వచ్చిన ఇబ్బంది కూడా కాదు. 1980ల మొదట్లో ఎరిక్ ఆల్‌మన్ బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము రాశారు. చాలా ఏళ్ళు ఇంటర్నెట్ ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని మీదే నడిచింది. దాని సెట్టింగుల ఫైలు వింత గుర్తులతో నిండి ఉండేది. అందుకని మనిషి చదవగలిగే చిన్న ఫైలు ఒకటి రాసి, ఎం4 అనే ప్రోగ్రాముతో దాన్నుంచి పెద్ద ఫైలు తయారుచేసే పద్ధతి వచ్చింది. చాలామంది తొందరలో తయారైన పెద్ద ఫైలులోనే మార్పు చేసేవారు. తర్వాత ఎవరైనా మళ్ళీ ఎం4 నడిపితే ఆ మార్పు మాయం. డెబియన్‌లో ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వరు వాడేవారికి ఇప్పటికీ ఈ ప్రమాదం ఉంది. అక్కడ కూడా ఆఖరి ఫైలు యంత్రం తయారుచేసేదే.

డవ్‌కాట్‌లో అట్ట తగిలించడం సులువు. ఈటీసీ డైరెక్టరీలో డవ్‌కాట్ ఫోల్డరు, అందులో కాన్ఫ్.డి అనే ఫోల్డరు ఉంటుంది. దానిలోని ఫైళ్ళను పేర్ల వరుసలో చదువుతుంది, ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే తర్వాత చదివినదే నెగ్గుతుంది. ప్యాకేజీ ఫైళ్ళ పేర్లు 10, 15, 20 వంటి అంకెలతో మొదలవుతాయి. మనం 99-లోకల్.కాన్ఫ్ అని ఒక ఫైలు పెట్టుకుని మన మార్పులన్నీ అందులోనే రాసుకుంటే చాలు. మిగతా ఫైళ్ళు తాకము కాబట్టి అప్‌గ్రేడులో వాటి గురించి ప్రశ్నే రాదు. ఒక్కో వరుస పైన ఎందుకు రాశామో, ఏ తేదీన రాశామో కామెంటు పెట్టండి. రేపు మీరు వేరే ఉద్యోగానికి పోతే వచ్చే తమ్ముడికి అదే ఆధారం.

పోస్ట్‌ఫిక్స్‌లో ఈ సదుపాయం లేదు. అన్నీ మెయిన్.సీఎఫ్ అనే ఒకే ఫైలులో ఉండాలి. అయితే దానికి వేరే మంచి పనిముట్టు ఉంది. పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ అని కొడితే ఆ ఫైలులో రాసి ఉన్న సెట్టింగులు మాత్రమే చూపుతుంది. పోస్ట్‌కాన్ఫ్ -డి అంటే ప్రోగ్రాములో పుట్టుకతో ఉన్న విలువలు చూపుతుంది. డవ్‌కాట్‌కు డవ్‌కాన్ఫ్ -ఎన్ ఉంది. అప్‌గ్రేడుకు ముందు వీటిని ఒక ఫైలులోకి తీసి పెట్టుకుని, తర్వాత మళ్ళీ తీసి, డిఫ్ కమాండుతో పోల్చి చూడాలి. 2017లో మేము ఈ ఒక్క పని చేసి ఉంటే రెండు తేడాలూ శనివారం రాత్రే కనబడేవి.

మరి ప్రశ్న వచ్చినప్పుడు ఎప్పుడూ మన ఫైలే ఉంచమంటే సరిపోతుందా? ఎంటర్ కొడితే డెబియన్ చేసేది అదే. కానీ అదీ పూర్తి జవాబు కాదు. అదే డెబియన్ 8 నుంచి 9 మార్పులో, పాత ఫైలు ఉంచుకున్నవారిలో కొందరు వేరే రకంగా ఇరుక్కున్నారు. ఎస్‌ఎస్‌ఎల్ రెండో వెర్షను వద్దు అని వాళ్ళు డవ్‌కాట్‌లో జాగ్రత్తగానే రాసుకున్నారు. కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆ పేరే తీసేశారు. దానితో తెలియని పేరు అంటూ లాగిన్లు ఆగిపోయాయి. కాబట్టి ప్రశ్న వచ్చినప్పుడు తేడా చూపించు అనే మూడో జవాబు ఉంటుంది, అది ఎంచుకుని చదివి అప్పుడు నిర్ణయించుకోవాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే ప్రశ్నే అడగదు. మన ఫైలు ఉంచి కొత్తదాన్ని ఆర్‌పీఎమ్‌న్యూ అనే తోకతో పక్కన పెడుతుంది, లేదా కొత్తది పెట్టి మనదాన్ని ఆర్‌పీఎమ్‌సేవ్ అనే తోకతో దాస్తుంది. ఏది జరుగుతుందనేది ప్యాకేజీ చేసినవారు నిర్ణయించి ఉంటారు. పని అయ్యాక ఈ తోకలున్న ఫైళ్ళను వెతికి చూసుకోవడం మన బాధ్యత.

ఇంకొక చిక్కు ఉంది. ఇది చాలామందికి తట్టదు. మన ఫైలులో ఒక్క అక్షరం మారకపోయినా, మనం రాయని సెట్టింగుల పుట్టుక విలువలు కొత్త వెర్షనులో మారవచ్చు. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0లో అలాగే కొన్ని మారాయి. ఉదాహరణకు, ఏ కంప్యూటర్లను నమ్మి ఉత్తరాలు పంపనివ్వాలో మనం విడిగా చెప్పకపోతే, పాత పోస్ట్‌ఫిక్స్ తాను ఉన్న నెట్‌వర్కు ముక్క అంతటినీ నమ్మేది. కొత్తది తన కంప్యూటరును మాత్రమే నమ్ముతుంది. భద్రతకు ఇదే మేలు. కానీ ల్యాబులోని ప్రింటరు, పక్క గదిలోని కంప్యూటరు ఆ నమ్మకం మీదే ఉత్తరాలు పంపుతుంటే అవి ఒక్కసారిగా ఆగిపోతాయి.

పోస్ట్‌ఫిక్స్ రాసిన వీత్సె వెనెమా ఇక్కడ మర్యాదగా ఒక ఏర్పాటు చేశారు. కంపాటిబిలిటీ_లెవెల్ అనే సెట్టింగు మన ఫైలులో లేకపోతే, ఇది పాత ఇల్లు అని గుర్తించి పాత విలువలతోనే నడుస్తుంది. పాత విలువ అక్కరకు వచ్చిన ప్రతిసారీ లాగులో ఒక వరుస రాస్తుంది. ఆ వరుసలు కొన్నాళ్ళు చదివి, మనకు కావలసిన పాత విలువను మెయిన్.సీఎఫ్‌లో శాశ్వతంగా రాసుకుని, అక్కరలేనివి వదిలేసి, అప్పుడు లెవెల్ పెంచాలి. లాగులో సందేశాలు విసుగ్గా ఉన్నాయని చదవకుండా లెవెల్ పెంచేవారిని మేము చూశాము. ఇంటి పెద్ద నాలుగుసార్లు చెప్పి ఊరుకున్నాడు కదా అని వినకుండా పోయినట్టే.

అన్ని ప్రోగ్రాములూ అంత ఓపికగా ఉండవు. డవ్‌కాట్ 2.4 వెర్షను 2025 జనవరిలో వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో ఉన్నది ఆ వెర్షనే. దీనికి 2.3 నాటి సెట్టింగులు చెల్లవు. ఏ వెర్షను కోసం రాసిన ఫైలో మొట్టమొదటి సెట్టింగుగా చెప్పాలి, లేకపోతే అసలు లేవదు. ఉత్తరాలు ఎక్కడ దాచాలో చెప్పే మెయిల్_లొకేషన్ పోయి, దాని స్థానంలో పద్ధతికి ఒకటి, చోటుకు ఒకటి రెండు సెట్టింగులు వచ్చాయి. సర్టిఫికెట్ సెట్టింగుల పేర్లూ మారాయి. మీ 99-లోకల్.కాన్ఫ్ ఫైలు అప్‌గ్రేడులో చెక్కుచెదరదు, కానీ అందులోని మాటలు కొత్త డవ్‌కాట్‌కు అర్థం కావు. ఇక్కడ అట్ట పద్ధతి వల్ల లాభం ఒకటే. తిరిగి రాయవలసింది ఇరవై వరుసలే, అవన్నీ ఒకేచోట కారణాలతో సహా ఉంటాయి. పది ఫైళ్ళలో చెల్లాచెదురుగా రాసుకున్నవారికి అది రెండు రోజుల పని. కాబట్టి ఇంకా డెబియన్ 12 మీద ఉన్నవారు ముందు ఒక పాత కంప్యూటరు మీదో, వర్చువల్ మెషీను మీదో 13 ఎక్కించి, సెట్టింగులు అక్కడ సరిచేసుకుని, అప్పుడు అసలు సర్వరును ముట్టుకోండి.

అలవాటు చేసుకోవలసిన మరో పనిముట్టు ఈటీసీకీపర్. ఇది ఈటీసీ డైరెక్టరీ మొత్తాన్ని గిట్‌లో పెట్టి, ప్యాకేజీలు ఎక్కించే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనంతట తానే నమోదు చేస్తుంది. ఎవరు ఏమి మార్చారో, నిన్నటి ఫైలు ఎలా ఉందో ఎప్పుడైనా తీసి చూడవచ్చు. అందులో పాస్‌వర్డులు, రహస్య తాళాలు కూడా ఉంటాయి కాబట్టి ఆ గిట్‌ను బయట ఎక్కడా పెట్టకూడదు. ఉత్తరాల బ్యాకప్పు మాత్రం దీనితో కాదు, వేరే తీసుకోవాలి.

ఇక అప్‌గ్రేడు రోజు సంగతి. మేమిప్పుడు పని మొదలుపెట్టే ముందు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్_బౌన్స్ అనే సెట్టింగుకు యస్ అని పెడతాము. దీనివల్ల మన పొరపాటుతో ఏ ఉత్తరమైనా తిరస్కరించవలసి వచ్చినా, శాశ్వతంగా వద్దు అనకుండా, తర్వాత రా అని చెబుతుంది. పంపే సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజులు ప్రయత్నిస్తాయి కాబట్టి మనకు సరిచేసుకునే సమయం దొరుకుతుంది. పని అయ్యాక పోస్ట్‌ఫిక్స్ చెక్ కొట్టి, డవ్‌కాన్ఫ్ తప్పులేమైనా చెబుతుందేమో చూసి, తీసి ఉంచిన జాబితాలతో పోల్చుతాము. బయటి అడ్రసు నుంచి లోపలికి ఒకటి, లోపలి నుంచి బయటికి ఒకటి ఉత్తరం పంపి రెండూ చేరాయని కళ్ళతో చూస్తాము. ఒక పాత ఉత్తరం తెరిచి చూస్తాము. శనివారాలు మానేశాము. మంగళవారమో బుధవారమో సాయంత్రం చేసి, మర్నాడు ఆఫీసు తెరిచే వేళకు ఒకరం లాగు ముందు కూర్చుంటాము. సాఫ్ట్_బౌన్స్ వరుసను రెండు మూడు రోజుల్లో తీసెయ్యడం మరిచిపోవద్దు. మేము ఒకసారి మరిచిపోతే, లేని అడ్రసులకు వచ్చిన చెత్త ఉత్తరాలన్నీ వారం పాటు తిరిగి తిరిగి మా తలుపే తట్టాయి.