డౌన్ సిండ్రోమ్ గల బిడ్డకు తండ్రి ఆస్తిలో భాగము

తండ్రి గతించి సంవత్సరీకము ముగిసిన పిమ్మట అన్నదమ్ములు పంపకములకు కూర్చుండినప్పుడు, డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన తమ్ముని ప్రస్తావన వచ్చుసరికి, "వాని కేమి తెలియును, వానిని మేము చూచుకొందుము గదా" యని వానిచే హక్కు విడుదల పత్రముపై వేలిముద్ర వేయించుటయో, అసలు వాని పేరే లేకుండ పంపకపు దస్తావేజు ముగించుటయో మన కుటుంబములలో అరుదు కాదు. ఆ మాటలో ప్రేమయు నుండవచ్చును. కాని న్యాయము లేదు.

"చూచుకొందుము" అనువారు తమకు తెలియకయే ఒక ప్రాచీనవిధిని పలుకుచున్నారు. జడులును, ఉన్మత్తులును, అంధులును గ్రాసమునకే గాని దాయభాగమునకు అర్హులు కారని స్మృతికారులు శాసించిరి. 1928లో వచ్చిన చట్టము తక్కిన వైకల్యములు గలవారికి ఆ ప్రతిబంధకమును తొలగించియు, పుట్టుకతో బుద్ధిమాంద్యము గలవారిని మాత్రము వెలుపలనే నిలిపినది. ఆ ద్వారము కూడ తెరచినది 1956 నాటి హిందూ వారసత్వ చట్టము: వ్యాధి గాని, లోపము గాని, అంగవైకల్యము గాని వారసత్వమునకు అడ్డు కాదని దాని 28వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. వీలునామా లేకుండ తండ్రి మరణించెనేని, ఈ బిడ్డ, కుమారుడైనను కుమార్తెయైనను, తోబుట్టువులతో సమానమైన భాగమునకు హక్కుదారు.

భాగమున్నను దానిని గూర్చి నిర్ణయించుకొను శక్తి ఏదీ యని కొందరు ప్రశ్నింతురు. సాధారణముగా 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుగా నుండుటచే కలుగు ఈ స్థితిలో మాటయు విద్యయు నెమ్మదిగా అలవడుట నిజమే. అయినను ఆ నెమ్మది అందరియందును ఒక్క తీరున నుండదు. చదువను వ్రాయను నేర్చినవారును, ఉద్యోగము చేసి తమ జీతమును తామే దాచుకొనువారును వారిలో గలరు. కావున వైద్యుడు వ్రాసిన రోగనామమును చూచి మనిషి వివేకమును కొలుచుట తగదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ దృష్టితోనే, ఆస్తిని కలిగియుండుటకును, వారసత్వముగా పొందుటకును, తన ధనవ్యవహారములను తానే నడుపుకొనుటకును ఇతరులతో సమానమైన హక్కును 13వ సెక్షనులో వారికి ప్రసాదించినది. సహాయము చేయువానికిని, సహాయము పొందువానికిని ఏదేని ఆస్తి వ్యవహారములో ప్రయోజనములు పరస్పరము విరుద్ధమైనచో, సహాయకుడు ఆ వ్యవహారమునుండి తప్పుకొనవలెననియు అందే యున్నది. రక్తసంబంధ మున్నంత మాత్రమున విరుద్ధప్రయోజన మున్నదని భావింపరాదు. అయినను తమ్ముని భాగమును తాను వ్రాయించుకొనుచున్న అన్న ఆ పత్రము విషయమున తమ్మునికి సలహాదారు ఎట్లు కాగలడు?

నిజముగా తోడు అవసరమైనవారికి సంరక్షకుని నియమించు మార్గము 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో గలదు. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తల్లిదండ్రులు గాని బంధువులు గాని జిల్లా కలెక్టరుతో కూడిన స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవచ్చును. సంరక్షకుడు అసలు కావలెనా, కావలసినచో ఏయే పనులకు అను రెండు విషయములను ఆ కమిటీ విచారింపవలెను. నియమితుడైన వాడు ఆరు నెలలలో ఆస్తుల జాబితాను, ఆపై ఏటేట లెక్కలను సమర్పించి తీరవలెను. ఆస్తిని దుర్వినియోగపరచినను, మనిషిని నిర్లక్ష్యము చేసినను తొలగింపబడును. సంరక్షకత్వ మనగా యాజమాన్యము కాదని ఈ నిబంధనలే తెలుపుచున్నవి.

తల్లిదండ్రులు ఒక సంగతి మరువరాదు. వారసత్వ చట్టపు 28వ సెక్షను వీలునామాను అడ్డగింపదు. స్వార్జితమును తండ్రి తన ఇష్టము వచ్చినవారికి వ్రాయగలడు. కావున ఈ బిడ్డ పేరును స్పష్టముగా పేర్కొని, వలసినచో వాని నిమిత్తమై ట్రస్టు నేర్పరచి, జీవించియుండగనే వీలునామా వ్రాయుట మేలు. వైకల్యమును నిర్ధారించు సదరం ధ్రువపత్రమును కూడ ముందే తీసికొనవలెను.

విషయము గ్రహింపనీయక వేలిముద్ర వేయించిన పత్రము ఇప్పటికే యున్నచో, అది చెల్లదని సివిల్ కోర్టులో దావా వేయవచ్చును. కాలపరిమితి యుండును గనుక జాగు చేయరాదు. 1987 నాటి చట్టము ప్రకారము దివ్యాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించినను, 15100 నెంబరుకు ఫోను చేసినను చాలును.