కేవు నుంచి ఉక్కు వంతెన దాకా

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• నది దాటడానికి ప్రజలు చెల్లించే రుసుముల గురించి చెప్పగలుగుతారు.
• హేవ్‌లాక్ వంతెన ప్రాముఖ్యాన్ని వివరించగలుగుతారు.
• వంతెన సుంకం మంచిచెడ్డలను చర్చించగలుగుతారు.

1. నది అడ్డమైతే
బస్తరు అడవుల్లో కురిసిన వాన ఎక్కడికి పోతుంది? ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరిలో కలిసి రాజమండ్రి చేరుతుంది. వంతెన లేని చోట వానాకాలం ఎలా గడుస్తుందో ఇంద్రావతికి దగ్గరలోని భోపాలపట్నం, శబరి ఒడ్డునున్న కోంట ప్రాంతాల తెలుగువారికి బాగా తెలుసు. సంతకు వెళ్ళాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా పడవే ఆధారం. పడవ దాటించినందుకు ఇచ్చే కూలిని 'కేవు' అంటారు. వరద ముదిరితే కేవు ఇస్తామన్నా పడవ కదలదు.

2. హేవ్‌లాక్ వంతెన
రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి చాలా వెడల్పు. ఇక్కడ 1897లో రైలు వంతెన పని మొదలై, 1900లో రైళ్ళు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దీనికి పెట్టారు. రాతి స్తంభాలపై ఉక్కు గర్డర్లు నిలిపారు. మొత్తం 56 ఖానాలు; ఒక్కొక్కటి సుమారు 150 అడుగులు. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు ప్రయాణానికి గోదావరి అడ్డు తొలగింది. 1997లో దీనిపై రైళ్ళు ఆగిపోయాయి.

3. ఖర్చు ఎవరు భరించాలి?
రైలు వంతెన ఖర్చు టిక్కెట్టు ధరలోనే రాబట్టుకోవచ్చు. రోడ్డు వంతెనకు కొన్నిచోట్ల 'టోలు' అనే సుంకం వసూలు చేస్తారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1932లో తెరిచిన ఉక్కు వంతెనపై మొదట్లో కారుకు 6 పెన్నీలు, గుర్రపు రౌతుకు 3 పెన్నీలు తీసుకునేవారు. అప్పు 1988లో తీరినా సుంకం ఆగలేదు.

ఇది న్యాయమేనా? ఉక్కు తుప్పు పడుతుంది. రంగు వేయాలి, మరమ్మతులు చేయాలి. అందుకు డబ్బు కావాలి. అయితే సంతకు పోయే కూలివాడికీ సరుకు లారీకీ ఒకే భారం తగదు. అందుకే వాహనాన్నిబట్టి సుంకం నిర్ణయిస్తారు. వరద రోజున కూడా దాటించగలిగినప్పుడే వంతెన కేవుకంటే మేలైనది.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. 'కేవు' అంటే ఏమిటి?
2. హేవ్‌లాక్ వంతెనపై రైళ్ళు ఎన్నేళ్ళు నడిచాయి?
3. అప్పు తీరిన తర్వాత సుంకం తీసుకోవచ్చా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.