చీమల గూటిలో పెరిగే ఈగ – మైక్రోడాన్

ఇల్లందు పరిసరాల్లో పత్తి, మిరప, మొక్కజొన్న చేలు అడవి అంచు వరకు సాగుతాయి. పేనుబంక ఆశించిన మొక్కల చుట్టూ గాలిలో కదలక నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగలు రైతులకు కొత్త కావు. పసుపు, నలుపు చారలతో కందిరీగను పోలి ఉన్నా వీటికి కొండి లేదు, రెక్కలు రెండే. ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ వంటి జాతుల పిల్లపురుగులు పేనుబంకను తిని పెరుగుతాయి. అందుచేత వీటికి మిత్రపురుగులన్న పేరు దక్కింది.

ఇదే కుటుంబానికి చెందినా పేనుబంక జోలికి పోనిది, పూలపై అరుదుగా మాత్రమే కనిపించేది మైక్రోడాన్. దీని తల్లి ఈగ చీమల గూటి వద్ద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గూటిలోకి చేరి చీమల గుడ్లను, పిల్లలను తిని పెరుగుతుంది. కాళ్లు, కణుపులు కనిపించక, పైన గుమ్మటంలా ఉబ్బి, అడుగున బల్లపరుపుగా ఉండి మెల్లగా పాకే ఈ జీవిని జర్మన్ శాస్త్రజ్ఞుడు స్పిక్స్ 1825లో నత్తజాతిగా భావించి వర్ణించాడు. ఆయనే పొరబడిన చోట రైతు దానిని పురుగుగా గుర్తించకపోతే తప్పుపట్టలేము.

కరిచే చీమల నడుమ ఇది ఎట్లా బతుకుతుంది? చీమలు తమవారిని గుర్తుపట్టేది ఒంటిమీది హైడ్రోకార్బన్ పొర వాసనను బట్టి. మైక్రోడాన్ పైపెరి పిల్లపురుగుల పొర, అవి తినే వడ్రంగి చీమల పిల్లల పొరను పోలి ఉన్నట్లు అమెరికాలో 1990లో వెలువడిన పరిశోధన తెలిపింది.

ఈ అనుకరణకు మూల్యమూ ఉంది. మైక్రోడాన్ మ్యుటాబిలిస్‌పై బ్రిటన్ శాస్త్రజ్ఞులు 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తల్లి పెరిగిన గూటిలో గుడ్లు బాగా బతికాయి. అదే జాతి చీమలదైనా దూరపు గూటిలో ఉంచినప్పుడు బతికినవి తగ్గిపోయాయి. అంటే ఒకచోట నశించిన ఈగ సంతతిని మరొకచోటి నుండి తెచ్చి నింపడం సులభం కాదు. ఒక్క చీమల గూడు కాలిపోవడం కూడా దీనికి చిన్న నష్టం కాదు.

కనుక ఇల్లందు అడవుల్లో ఈ ప్రజాతిని వెదికేవారు పూలను వదలి, పడిపోయిన దుంగల కింద, వదులైన బెరడు చాటున ఉన్న చీమల గూళ్లను పరిశీలించాలి. వేసవిలో రాలిన ఆకులకు నిప్పంటుకోక ముందే ఆ పని చేయాలి. చూసిన తరువాత దుంగను ఉన్నచోటనే, ఉన్న తీరుగానే తిరిగి పెట్టాలి.