మూఁతపడిన పాత్రయందలి వాయువు

మూఁతపడిన దృఢపాత్రయందలి వాయువును వేఁడిచేసినచో, దాని పీడనము నిరపేక్షోష్ణోగ్రతతో సమానుపాతముగా హెచ్చును. సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కలిపిన నిరపేక్షోష్ణోగ్రత యగును. వేఁడిచే అణువులు అధికవేగముతో గోడలను తాఁకుటయే దీనికిఁ గారణము.

పటాన్‌చెరు ఔషధ కర్మాగారములలో నత్రజని వాయువుగల ఉక్కు సిలిండరులు వాడుకలోనున్నవి. ఉదయమున 27 డిగ్రీలున్న సిలిండరు ఎండకు 57 డిగ్రీలైనచో, నిరపేక్షోష్ణోగ్రత 300 నుండి 330 అగును; పీడనము పదియవవంతు పెరుఁగును. అగ్ని సోఁకి 327 డిగ్రీలైనచో రెట్టింపగును. ద్రవముగల పాత్రలో ఆవిరియుఁ గ్రొత్తగాఁ బుట్టుచుండుటచేఁ బీడనమింకను శీఘ్రముగా హెచ్చును.

2025 జూన్ 30వ తేదిని పాశమైలారమున నొక కర్మాగారములో ప్రేలుడు సంభవించి 40 మందికిఁ బైగా మృతినొందిరి. మూసిన చోట మంట పుట్టినపుడు గోడలఁ బగులఁగొట్టునది వేఁడెక్కిన వాయువుల పీడనమే. ఇట్టి విపత్తును తలవ్రాత యనుట పరమేశ్వరుని నిందించుటయే. ఆయన నియమము కులమెఱుఁగదు, మ్రొక్కులకు లొంగదు. తెలిసి నడచుకొనువారిని రక్షించును.

ఆయుధపూజనాఁడు యంత్రములకుఁ గుంకుమ పెట్టు యజమానులు, రక్షక కవాటము సకాలమునఁ దెఱచుకొనునో లేదో పరీక్షింపవలయును. ఒడిశా, బీహారులనుండి వచ్చిన శ్రామికునకుఁ బీడనమాపకమును చదువుట వాని భాషలోనే నేర్పవలయును. ఇదియే నిజమైన యుపాసనయని మేము తలంచుచున్నాము.