యోవా పడవ

అట్లాంటిక్ మహాసముద్రం నుండి ఉత్తర అమెరికా ఖండపు ఉత్తర తీరం వెంబడి పసిఫిక్ మహాసముద్రాన్ని చేరే జలమార్గాన్ని వాయవ్య మార్గమంటారు. ఏడాదిలో అధికభాగం గడ్డకట్టి ఉండే ఈ దారి కోసం యూరపు నావికులు శతాబ్దాల తరబడి అన్వేషించారు. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వాన ఆవిరి యంత్రాలు అమర్చిన రెండు పెద్ద నౌకలు మూడేళ్ల ఆహారంతో ఇంగ్లండు నుండి బయలుదేరాయి. మంచులో చిక్కుకొన్న ఆ నౌకలలోని 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

అంతటి నౌకలకు సాధ్యం కాని కార్యాన్ని ఒక చిన్న చెక్క పడవ సాధించింది. దాని పేరు యోవా. చేపల వేట కోసం 1872లో నార్వేలో నిర్మించిన ఈ తెరచాప పడవ పొడవు సుమారు 70 అడుగులు. అదే ఏట జన్మించిన రోఆల్డ్ అముండ్‌సెన్ దానిని కొని, 13 అశ్వశక్తి గల చిన్న యంత్రాన్ని అమర్చాడు. పెద్ద నౌకను కొనే స్తోమత ఆయనకు లేదు. అయితే లోతు తక్కువైన ఆ తీరజలాలకు చిన్న పడవే తగినదనీ, కొద్దిమంది అయితే వేటాడి ప్రాణాలు నిలుపుకోవచ్చుననీ ఆయన గ్రహించాడు. అప్పులవారు అడ్డుపడక ముందే, 1903 జూన్ 16 అర్ధరాత్రి, వర్షంలో ఆరుగురు సహచరులతో తీరం విడిచాడు.

సెప్టెంబరు ఆరంభంలో పడవ నీటిలోని రాతిగట్టుపై చిక్కుకొన్నది. గాలి ఉధృతమయింది. పైతట్టున ఉన్న బరువైన పెట్టెలను సముద్రంలోకి విసిరి, తెరచాపలన్నీ ఎత్తారు. పడవ రాళ్లను ఢీకొంటూ ముందుకు సాగింది. అడుగుభాగపు చెక్క చీలికలు నీటిపై తేలాయి. చివరకు అది గట్టు దాటి లోతునీటిలో పడింది.

ఆ నెలలోనే వారు కింగ్ విలియం దీవి ఆగ్నేయ తీరాన ఒక చిన్న రేవును చేరి, దాదాపు రెండేళ్లు అక్కడే నిలిచారు. భూమి ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని పరిశీలించడం వారి ఆశయాలలో ఒకటి. 1831లో గుర్తించిన చోటు నుండి ఆ ధ్రువం కదిలిందని వారి పరిశీలనలు నిరూపించాయి.

అక్కడ వారికి నెట్సిలిక్ ఇన్యూట్లతో పరిచయం కలిగింది. అముండ్‌సెన్ వారి వద్ద శిష్యుడయ్యాడు. మంచును దిమ్మెలుగా కోసి ఇల్లు కట్టడం, కుక్కల బండి నడపడం అభ్యసించాడు. ఉన్నిబట్టలు చెమటను పీల్చి గడ్డకడతాయి. ఇన్యూట్లు తోలు దుస్తులను రెండు పొరలుగా, వదులుగా ధరిస్తారు. లోపలి పొర బొచ్చు దేహానికి తగులుతుంది, వెలుపలి పొర బొచ్చు బయటకు ఉంటుంది. నడుమనున్న గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. ఈ విద్యకు గ్రంథం లేదు. తరతరాల అనుభవమే దానికి ఆధారం.

1905 ఆగస్టులో యోవా పడమటికి సాగింది. సింప్సన్ జలసంధిలో అడుగడుగునా లోతు కొలుస్తూ నడపవలసి వచ్చింది. ఒకచోట పడవ అడుగుకూ నేలకూ మధ్య అంగుళం నీరు మాత్రమే మిగిలింది. ఆగస్టు 26న పసిఫిక్ వైపు నుండి వచ్చిన ఓడ ఎదురుపడగా దారి దొరికిందని రూఢి అయింది. కానీ మంచు వారిని మరొక శీతకాలం నిలిపివేసింది. అయస్కాంత పరిశీలనలలో శ్రమించిన యువకుడు గుస్తావ్ వీక్ 1906 మార్చిలో అస్వస్థుడై మరణించాడు. మిగిలినవారు ఆగస్టు 31న అలాస్కాలోని నోమ్ చేరారు.

ఇన్యూట్ల వద్ద నేర్చిన విద్య 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని చేరడంలో అముండ్‌సెన్‌కు తోడ్పడింది. ఫ్రాంక్లిన్ నౌకల శిథిలాలు 2014, 2016 సంవత్సరాలలో బయటపడడానికీ ఇన్యూట్లు చెప్పుకొంటూ వచ్చిన సంగతులు తోడ్పడ్డాయి. యోవా 1972లో అమెరికా నుండి స్వదేశానికి చేరి, నేడు ఓస్లోలోని ఫ్రామ్ ప్రదర్శనశాలలో ఉన్నది. అది ఆగిన రేవు నేడు పడవ పేరుతోనే కెనడాలో ఒక ఊరు. దారి తెలిసినవారిని అడగడం చిన్నతనం కాదని ఈ పడవ కథ బోధిస్తున్నది.

ప్రశ్నలు
1. చిన్న పడవనే అముండ్‌సెన్ తగినదిగా భావించడానికి కారణాలేవి?
2. ఇన్యూట్ల దుస్తుల ప్రత్యేకతను వివరించండి.
3. ఫ్రాంక్లిన్, అముండ్‌సెన్ ప్రయాణాల మధ్య భేదాన్ని విశ్లేషించండి.