బలము అనగా నేమి?

"ఆ పహిల్వానుకు బలము మెండు" అని వాడుకలో అందుము. భౌతికశాస్త్రములోను ఈ మాటయే కలదు గాని దాని అర్థము వేరు. కన్నడ, మరాఠీ, ఒడియా పాఠ్యపుస్తకములలోను దీనిని "బల" మనియే వ్రాయుదురు. తమిళమున "విశై" అందురు. ఏ భాషలో చదివినను భావ మొక్కటే.

శాస్త్రమున బలము ఒక వస్తువులో దాగియుండు సొత్తు కాదు. ఒక వస్తువు మరియొకదానిని నెట్టుటయో లాగుటయో బలము. కావున బలమను మాట వినినప్పుడెల్ల మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఏది ప్రయోగించుచున్నది? దేనిపై? ఏ దిక్కునకు?

ఒక బంతిని నిట్టనిలువుగా పైకి విసరితి మనుకొందము. చేతిని వీడి పైకి పోవుచున్న బంతిపై పనిచేయు బలము లేవి? "చేతి బలము పైకి, భూమి బలము క్రిందికి" అని అనేకులు వ్రాయుదురు. చేయి బంతిని తాకుటయే లేదు. ఇక నెట్టుట ఎట్లు? గాలి కలిగించు స్వల్పమైన అడ్డును విడిచినచో, అచట నున్నది భూమ్యాకర్షణ మొక్కటే, అదియు క్రిందికే. చేయి బంతికి కలిగించినది వేగము. ఆ వేగము సెకనుకు 20 మీటర్లయినచో, ఒక సెకను గడచుసరికి సుమారు 10 మీటర్లకు తగ్గును. అట్లు తగ్గించునది భూమి.

"బలము లేక చలనమెట్లు సాగును?" అని మీకు సందేహము కలుగవచ్చును. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడ అట్లే తలచెను. గెలీలియో (1564–1642) దానిని కాదనెను. కేరమ్ బల్లపై పొడి చల్లినచో స్ట్రైకరు మరింత దూరము జారును. పొడి దానిని ముందుకు నెట్టలేదు. రాపిడిని తగ్గించినది, అంతియే. రాపిడి బొత్తిగా లేకున్న నది ఆగకయే పోవును. న్యూటన్ 1687లో ప్రకటించిన గ్రంథమున దీనినే మొదటి నియమముగా నిలిపెను. చలనమును నిలుపుటకు గాదు, మార్చుటకే బలము కావలెను.

ఒక కిలోగ్రాము వస్తువు వేగమును ప్రతి సెకనుకును సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచు బలమే ఒక న్యూటన్.

ఇక మీ వంతు. సమతలమైన బాటపై ఎడ్లబండి ఒకే వేగముతో తిన్నగా పోవుచున్నది. ఎద్దులు లాగుచునే యున్నను వేగ మేల పెరుగదు? బొమ్మ గీసి, బండిపై పనిచేయు బలములను బాణపు గుర్తులతో చూపి, మీ తల్లిదండ్రులకు తెలుగున వివరింపుడు. ఇతరులకు తెలియునట్లు చెప్పగలిగిననాడే పాఠము మీకు వచ్చినట్లు.